రాతిగుట్ట మీద ఏ దీపం పెట్టాలి?

(రేడియో ప్రసంగం – పూర్తి పాఠం)



ఈ కార్యక్రమంలో మాట్లాడమని అడిగినప్పుడు, నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, ఏ ఉద్యోగాల గురించో వీసాల గురించో చెబుతాననుకున్నారు. లైట్‌హౌసు గురించి చెబుతానంటే అవతల నుంచి కాసేపు చప్పుడు లేదు. తర్వాత "పావుగంట నిండుతుందంటారా?" అని అడిగారు. నిండుతుందనే నా నమ్మకం. మధ్యలో విసుగొస్తే మీ చేతిలో రిమోట్ ఎలాగూ ఉంది.

సంగతి ఎలా మొదలైందంటే, మా నాన్నగారు విశాఖపట్నం పోర్టులో గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యారు. చిన్నప్పుడు సాయంత్రాలు బీచికి వెళితే డాల్ఫిన్స్ నోస్ కొండ మీద దీపం తిరుగుతూ కనిపించేది. ఆయన వేళ్ళు మడిచి లెక్కపెట్టి, మళ్ళీ ఎప్పుడు వెలుగుతుందో ముందే చెప్పేవారు. నాకు అదో ఇంద్రజాలంలా ఉండేది. ఆయన మొదటిసారి మా ఇంటికి, అంటే బోస్టన్ దగ్గరికి వచ్చినప్పుడు, చూపించడానికి నా దగ్గర షాపింగ్ మాళ్ళు తప్ప ఏమీ లేకపోయాయి. ఓ ఆదివారం కారెక్కించి దక్షిణంగా సిట్యుయేట్ ఊరి ఒడ్డుకు తీసుకెళ్ళాను. ఒడ్డుకు మైలు దూరంలో, నీళ్ళలోంచి మొలిచినట్టు ఓ బూడిదరంగు రాతి స్తంభం. కింద లంకా లేదు, దిబ్బా లేదు. దాని పేరు మైనట్స్ లెడ్జ్.

నాన్నగారు చాలాసేపు చూశారు. చూసి, "ఏరా, అక్కడ ఎలాంటి దీపం పెట్టారంటావు?" అన్నారు.

"బల్బేదో ఉంటుంది నాన్నా" అన్నాను.

"అది కాదురా. అంత దూరంలో, ఆ గాలిలో, ఏ దీపం పెట్టాలో ఎవరో ఒకరు కూర్చుని తేల్చుకోవాలి కదా. ఎలా తేల్చుకున్నారు?"

ఏ సామాను కొనాలో కంపెనీలకు సలహా చెప్పడమే నా ఉద్యోగం. అయినా ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆయన తిరిగి విశాఖ వెళ్ళిపోయాక కూర్చుని చదివాను. చదివిన కొద్దీ తెలిసిందేమిటంటే, ఈ దేశం ఆ ఒక్క ప్రశ్నకు సరైన జవాబు చెప్పుకోవడానికి నలభై ఏళ్ళు తీసుకుంది. ఆ నలభై ఏళ్ళలో చాలా ఓడలు మునిగాయి.

మొదట సమస్య ఏమిటో చెబుతాను. ఒక వత్తి వెలిగిస్తే వెలుతురు అన్ని దిక్కులకూ పోతుంది. పైకి పోయేది ఆకాశానికి, కిందికి పోయేది నేలకు. ఓడవాడికి కావలసింది మాత్రం నీటికి సమాంతరంగా దిగంతం వైపు పోయే పల్చటి పొర ఒక్కటే. ఉత్త మంట నుంచి ఆ పొరలోకి చేరేది నూటికి మూడు పాళ్ళని చెబుతారు. వెనక మంచి అద్దం పెడితే అది పదిహేడు పాళ్ళు అవుతుంది. మిగిలినదంతా తగలేసిన నూనే.

1810లో విన్‌స్లో లూయిస్ అనే ఓడ కెప్టెన్, పని లేక ఒడ్డున ఉన్న రోజుల్లో, ఒక దీపానికి పేటెంటు తీసుకున్నాడు. ఆర్గాండ్ అనే స్విట్జర్లాండు ఆయన కనిపెట్టిన గుండ్రటి బోలు వత్తి, దాని వెనక వెండిపూత పూసిన రాగి రేకు, ముందు ఓ మందపాటి గాజు బిళ్ళ. నూనె సగానికి సగం ఆదా అవుతుందన్నాడు. అంతకు ముందున్న పొగ దీపాలతో పోలిస్తే అది నిజంగానే మెరుగు. ఆ మాట ఒప్పుకోవాలి. 1812లో ప్రభుత్వం ఆ పేటెంటు కొని, దేశంలో ఉన్న సుమారు యాభై లైట్‌హౌసులకూ అవే బిగించమని ఆయనకే కాంట్రాక్టు ఇచ్చింది.

1820లో లైట్‌హౌసుల బాధ్యత ట్రెజరీ శాఖలో ఫిఫ్త్ ఆడిటర్ అనే అధికారి చేతికి వచ్చింది. ఆయన పేరు స్టీఫెన్ ప్లెజంటన్. ఈయన గురించి ఓ ముక్క చెప్పాలి, ఎందుకంటే ఈ కథలో ఈయన్ని విలన్ చేయడం చాలా తేలిక. 1814లో బ్రిటిష్ సైన్యం వాషింగ్టన్ మీదికి వస్తున్నప్పుడు, విదేశాంగ శాఖలో గుమాస్తాగా ఉన్న ఈయనే స్వాతంత్ర్య ప్రకటన అసలు పత్రాన్ని గుడ్డ సంచుల్లో పెట్టించి, బండెక్కించి ఊరు దాటించాడు. ఆయన ఆ పని చేయకపోతే ఇవాళ మ్యూజియంలో మనం చూసే కాగితం ఉండేదే కాదు. నిజాయితీపరుడు, పైసా తినలేదు. ఏడాది చివర మిగిలిన డబ్బును ఖజానాకు తిరిగి కట్టి, ఇంగ్లండు కంటే మనం ఎంత చవకగా దీపాలు నడుపుతున్నామో చూడండని గొప్పగా రాసుకునేవాడు.

ఆయనకు ఓడల గురించి గానీ, కాంతిశాస్త్రం గురించి గానీ ఏమీ తెలియదు. తెలియనివాడు తెలిసినవాణ్ణి అడగాలి కదా, ఆయనా అడిగాడు. ఎవర్ని? విన్‌స్లో లూయిస్‌ని. దీపాలు అమ్మేవాడూ, టవర్లకు టెండర్లు వేసేవాడూ, ఏ దీపం మంచిదో చెప్పేవాడూ ఒక్కడే అయ్యాడు. కన్సల్టింగ్‌లో ఉన్న శ్రోతలు ఇక్కడ నవ్వుకుంటూ ఉంటారు.

లూయిస్ అద్దాల్లో లోపం ఏమిటంటే, వెనక ఉండే అద్దం కచ్చితమైన పారాబొలా ఆకారంలో ఉండాలి. కారు హెడ్‌లైటులో చూస్తామే, అది. మంట సరిగ్గా దాని నాభి దగ్గర ఉంటేనే కిరణాలు తిన్నగా వెళతాయి. లూయిస్ రేకులు పల్చన, వంగిపోయేవి. వాటి ఆకారం మంగలి గిన్నెకు దగ్గరగా ఉందని అప్పటి విమర్శకులు వెక్కిరించారు. కాపలాదారు రోజూ గరుకు పొడి పెట్టి తోమడంతో వెండి అరిగిపోయి రాగి బయటపడేది. ముందున్న గాజు బిళ్ళకు ఆకుపచ్చ ఛాయ ఉండేది. ఉన్న కాస్త వెలుతురునూ అదే మింగేది. చివరకు వాటిని తీసేశారు.

ఇంతలో అవతల ఫ్రాన్సులో ఆగస్టిన్ ఫ్రెనెల్ అనే రోడ్ల ఇంజనీరు ఈ లెక్కను వేరే దారిలో చేశాడు. పెద్ద భూతద్దం మంచిదే, కానీ లైట్‌హౌసుకు సరిపోయేంతది పోత పోస్తే మందమై, బరువై, వెలుతురును తానే తాగేస్తుంది. కాంతిని వంచే పని అద్దం ఉపరితలానిదే కదా, లోపలి గాజుతో పనేముంది అనుకున్నాడాయన. లోపలి గాజు తీసేసి, పైతలాన్ని మెట్లు మెట్లుగా, ఉంగరాలు ఉంగరాలుగా కోశాడు. మధ్యలో కటకం. పైకీ కిందికీ పారిపోయే కిరణాలను పట్టి వెనక్కి తెచ్చే పట్టకాలను మొదట అద్దాలతోనూ, తర్వాత గాజుతోనూ అమర్చారు. దూరం నుంచి చూస్తే గాజుతో కట్టిన తేనెపట్టులా ఉంటుంది. మధ్యలో ఒక్కటే దీపం. దాని వెలుతురులో నూటికి ఎనభై పాళ్ళకు పైగా దిగంతం వైపు పోతుంది. 1823 జూలైలో మొదటిది వెలిగింది. ఎక్కడో తెలుసా? గిరోండ్ నది సముద్రంలో కలిసే చోట, నీళ్ళ మధ్య ఉన్న కోర్డువాన్ లైట్‌హౌసులో. ఫ్రెనెల్ క్షయతో 1827లో పోయాడు. అప్పటికి ఆయనకు ముప్పై తొమ్మిదేళ్ళు.

అమెరికాలో ఈ సంగతి తెలియక కాదు. నావికులకు దారి చూపే పుస్తకాలు వేసే బ్లంట్ సోదరులు 1830లలో పదేపదే ఉత్తరాలు రాశారు. ఫ్రాన్సులో దీపాలు ఇలా ఉన్నాయి, మన దీపాలు దగ్గరికి వచ్చేదాకా కనబడవు అని. 1838లో కాంగ్రెస్ పురమాయిస్తే నౌకాదళ అధికారి మాథ్యూ పెర్రీ యూరప్ వెళ్ళి రెండు ఫ్రెనెల్ లెన్సులు తెచ్చాడు. తర్వాత జపాను రేవులు తెరిపించిన పెర్రీ ఆయనే. 1841లో న్యూజెర్సీలోని నేవ్‌సింక్ జంట దీపాలకు వాటిని బిగించారు. న్యూయార్క్ వచ్చే ఓడలన్నీ తేడా చూశాయి. ప్లెజంటన్ కూడా వెలుతురు బాగుందని ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, ఖరీదెక్కువ, యంత్రం చిక్కుది, మన కాపలాదారులు నడపలేరు అన్నాడు. ఆ మాట మీదే ఇంకో పదేళ్ళు గడిచిపోయాయి.

ఆయన వాదన పూర్తిగా తీసిపారేసేది కాదు. లెన్సు పారిస్ నుంచి రావాలి. పగిలితే ఇక్కడ చేసేవాడు లేడు. కాపలాదారుల్లో చాలామంది రాజకీయ సిఫార్సులతో వచ్చినవాళ్ళు, శిక్షణ లేదు. ఒడ్డుకు దూరంగా ఉన్న రాయి మీద, అర్ధరాత్రి పాడైతే బాగుచేసుకోలేని సామాను పెట్టడం తెలివైన పనా అని ఎవరైనా అడగాల్సిందే. ఆయన తప్పు లెక్కలో ఉంది. పదిహేను, ఇరవై దీపాలు చేసే పని ఒక్క దీపం చేస్తుంటే, నూనె మీద మిగిలే డబ్బే కొన్నేళ్ళలో లెన్సు ఖరీదును తిరిగి ఇచ్చేస్తుంది. ఇది ఆడిటరుకు కనబడాల్సిన లెక్కే. మునిగిన ఓడలు మాత్రం ఆయన పద్దు పుస్తకంలోకి ఎప్పుడూ రాలేదు. అవి వ్యాపారుల నష్టం, ఇన్సూరెన్సు వాళ్ళ నష్టం, ఎవరో ఇల్లాలి నష్టం. ట్రెజరీకి అందులో సెంటు ఖర్చు లేదు.

ఇక మైనట్స్ లెడ్జ్ దగ్గరికి వద్దాం. బోస్టన్ రేవుకు వచ్చే ఓడల దారి పక్కన, పోటులో మునిగి, పాటులో మాత్రం తల ఎత్తే రాతిగుట్ట అది. విన్‌స్లో లూయిస్ సొంత మేనల్లుడే, ఇంజనీరు, పేరు ఐ.డబ్ల్యు.పి. లూయిస్, 1843లో ప్రభుత్వానికి ఓ నివేదిక ఇచ్చాడు. న్యూ ఇంగ్లండు దీపాలు ఎంత హీనంగా ఉన్నాయో మామయ్య మొహం చూడకుండా రాశాడు. అందులోనే, 1832 నుంచి 1841 లోపల ఈ గుట్ట చుట్టుపక్కల నలభైకి పైగా ఓడలు దెబ్బతిన్నాయని లెక్క చెప్పి, ఇక్కడ దీపం కావాలన్నాడు.

కట్టింది సైన్యం ఇంజనీరు విలియం స్విఫ్ట్. రాయిలోకి రంధ్రాలు తొలిచి తొమ్మిది ఇనుప స్తంభాలు దింపి, పైన గది, ఆ పైన దీపం. అలలు స్తంభాల మధ్య నుంచి జారిపోతాయని ఆలోచన. ఖర్చు సుమారు 39,000 డాలర్లు. రాతితో కడితే దానికి ఎన్నో రెట్లు. 1850 జనవరి 1న వెలిగింది. లోపల పెట్టినవి పాత పద్ధతి రిఫ్లెక్టర్ దీపాలే. ఆ రోజుల్లో దేశం మొత్తం మీద ఫ్రెనెల్ లెన్సు ఉన్నవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. నేవ్‌సింక్ కాక నాన్‌టకెట్ దీవిలో శాంకటీ హెడ్, డెలవేర్ అఖాతంలో బ్రాండీవైన్ షోల్, అంతే.

మొదటి కాపలాదారు ఐజక్ డనమ్. గాలి వస్తే టవరు తాగినవాడిలా ఊగుతోందని, గట్టి చేయమని మొత్తుకున్నాడు. వినిపించుకోలేదు. పది నెలలకే ఉద్యోగం వదిలేశాడు. తర్వాత వచ్చిన జాన్ బెనెట్, అంతకు ముందు వాడు పిరికివాడని నవ్వాడట. ఓ తుఫాను చూశాక ఆయనా అదే ఫిర్యాదు రాశాడు.

1851 ఏప్రిల్ 16 రాత్రి పెద్ద తుఫాను. బెనెట్ పని మీద ఒడ్డున ఉండిపోయాడు. టవరులో ఇద్దరు అసిస్టెంట్లు, జోసెఫ్ విల్సన్, జోసెఫ్ ఆంట్వాన్. ఒకడు ఇంగ్లండు నుంచి, ఒకడు పోర్చుగల్ నుంచి వలస వచ్చినవాళ్ళు. రాత్రి పది ప్రాంతంలో దీపం కనిపించిందని ఒడ్డువాళ్ళు చెప్పారు. అర్ధరాత్రి దాటాక ఒంటి గంట ప్రాంతంలో గంట మోత వినిపించింది. తెల్లారేసరికి రాయి మీద వంగిన ఇనుప మొదళ్ళు తప్ప ఏమీ లేవు. ఇద్దరూ పోయారు.

తర్వాత స్విఫ్ట్ ఇచ్చిన వివరణలో, కాపలాదారులు సామాను పెట్టుకోవడానికి గది కింద అదనంగా చెక్క అటక వేసుకున్నారని, పడవ ఎక్కించడానికి లావు తాడు కట్టారని, అలల దెబ్బ వాటి మీద పడిందని చెప్పాడు. అందులో నిజం లేకపోలేదు. కానీ సామాను పెట్టుకోవడానికి చోటు లేని టవరులో మనుషులు అటక వేసుకుంటారని ఇంజనీరుకు ముందే తెలిసి ఉండాలి.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. చెప్పకుండా దాటేద్దామనుకున్నాను గానీ, అసలు నన్ను ఈ కథ పట్టుకుంది అందుకే.

కొన్నేళ్ళ కిందట ఒక కంపెనీకి, పేరు అనవసరం, సర్వర్లు పాడైతే హెచ్చరించే సిస్టం ఎంచిపెట్టే పని నాకు వచ్చింది. నాలుగు సరుకులు పరిశీలించి పెద్ద స్ప్రెడ్‌షీటు చేశాను. లైసెన్సు ఖరీదు, హార్డ్‌వేరు, శిక్షణ ఖర్చు, ఇరవై రెండు కాలమ్‌లు. అన్నిట్లో చవకైనదే గెలిచింది. మేనేజర్లు మెచ్చుకున్నారు. ఆ సిస్టంలో చిన్న సమస్యకూ పెద్ద సమస్యకూ ఒకే ఎర్ర గీత వచ్చేది. రాత్రికి మూడు నాలుగు వందల గీతలు. ఓ రాత్రి అసలైనది వచ్చింది. నైట్ షిఫ్టులో ఉన్న కుర్రాడు నాలుగు వందల గీతల్లో దాన్ని చూడలేదు. తెల్లారేసరికి చాలా నష్టం జరిగిపోయింది. మీటింగులో కుర్రాడు నిద్రపోయాడన్నారు. వాడు నిద్రపోలేదని నాకు తెలుసు, లాగ్ చూశాను. తెల్లవార్లూ ఒక్కొక్క గీతనే తెరిచి మూస్తూ ఉన్నాడు. నా స్ప్రెడ్‌షీటులో రాత్రి మూడింటికి ఆ తెర ముందు కూర్చునే మనిషికి కాలమ్ లేదు. ఆ మీటింగులో నేను నోరు తెరవలేదు. వాడి కాంట్రాక్టు ఆ నెలాఖరుకే అయిపోయింది. వీసా గడువు లోపల వాడికి ఇంకో పని దొరికిందో లేదో నేను కనుక్కోలేదు.

సరే, కథలోకి వద్దాం.

1851లోనే కాంగ్రెస్ ఒక బోర్డును వేసింది. నౌకాదళం వాళ్ళు, సైన్యం ఇంజనీర్లు, అలెగ్జాండర్ బేష్ అనే శాస్త్రవేత్త. వాళ్ళు ఆఫీసులో కూర్చోలేదు. దీపాల దగ్గరికి వెళ్ళి చూశారు, ఓడ కెప్టెన్లను అడిగారు. ఏడు వందల పైచిలుకు పేజీల నివేదిక ఇచ్చారు. సారాంశం: ఇక్కడి దీపాలు నాసిరకం, ఫ్రెనెల్ లెన్సు అన్ని విధాలా మేలు, డబ్బు లెక్కలో కూడా. 1852లో శాశ్వత లైట్‌హౌస్ బోర్డు వచ్చింది, ప్లెజంటన్ చేతి నుంచి పని పోయింది. అంతర్యుద్ధం మొదలయ్యే నాటికి దాదాపు అన్ని దీపాలకూ ఫ్రెనెల్ లెన్సులు బిగించేశారు. నలభై ఏళ్ళు కాని పని పదేళ్ళలోపు అయింది.

మైనట్స్ దగ్గర ఈసారి రాతి టవరు. నమూనా జోసెఫ్ టాటెన్‌ది, కట్టించింది బార్టన్ అలెగ్జాండర్. 1855లో మొదలుపెట్టారు. అలలు ఒప్పుకుంటేనే పని. మొదటి ఏడాది మొత్తం మీద రాయి మీద నిలబడి పనిచేయగలిగింది నూట ముప్పై గంటలు. క్విన్సీ గ్రానైటును కోహాసెట్‌లో ఒడ్డున చెక్కి, ఒకదానిలో ఒకటి ఇమిడేలా అమర్చి చూసుకుని, తర్వాత పడవలో తీసుకెళ్ళారు. వెయ్యికి పైగా రాళ్ళు. ఖర్చు సుమారు మూడు లక్షల డాలర్లు. 1860 నవంబరు 15న దీపం వెలిగింది.

ఇప్పుడు నాన్నగారి ప్రశ్నకు వద్దాం. ఏ దీపం? ఫ్రెనెల్ లెన్సు అని తేలాక కూడా ప్రశ్న అయిపోలేదు. అందులో తరగతులున్నాయి. మొదటి తరగతి దానిలో మంటకూ గాజుకూ మధ్య దూరం 920 మిల్లీమీటర్లు. మనిషి లోపల నిలబడి తుడవవచ్చు, ఎత్తు పన్నెండు అడుగులు. రెండో తరగతికి 700. అలా తగ్గుతూ ఆరో తరగతికి 150. పెద్దదే మేలు కదా అనుకుంటాం. మైనట్స్‌లో పెట్టింది రెండో తరగతిది.

దీన్ని అర్థం చేసుకోవడానికి చిన్న లెక్క చాలు. భూమి గుండ్రం. దీపం ఎంత ప్రకాశంగా ఉన్నా దిగంతం కిందికి వంగి చూడలేదు. దీపం ఎత్తు అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.17తో గుణిస్తే, ఎన్ని నాటికల్ మైళ్ళు కనబడుతుందో వస్తుంది. వంద అడుగుల ఎత్తు దీపానికి పన్నెండు మైళ్ళ కంటే కాస్త తక్కువ. ఓడ డెక్కు మీద మనిషి కన్ను పదహారు అడుగుల ఎత్తులో ఉంటే ఇంకో నాలుగున్నర మైళ్ళు. ఆ పదహారు మైళ్ళు దాటి కనబడాలంటే టవరు పెంచాలి. దూరం రెట్టింపు కావాలంటే ఎత్తు నాలుగింతలు కావాలి. సముద్రం మధ్య రాయి మీద అది అయ్యే పనా? కాబట్టి మరీ పెద్ద లెన్సు పెడితే, మంచూ వానా ఉన్న రాత్రి కొంత సాయమే గానీ, మామూలు రాత్రి దాని బలం దిగంతం దగ్గర ఆగిపోతుంది. పైగా పెద్ద లెన్సుకు పెద్ద గది కావాలి. ఆ గది మీద గాలి పడుతుంది. ఆ బరువంతా టవరు కొనలో ఉంటుంది. ఒకసారి టవరు పోగొట్టుకున్న చోట ఆ లెక్క తేలిగ్గా తీసుకోలేం.

అలాగని చిన్నదే మేలనే సూత్రమూ లేదు. పసిఫిక్ వైపు ఓరెగాన్‌లో టిల్లమూక్ రాక్ అని ఉంది. అక్కడ మహాసముద్రం నుంచి వచ్చే ఓడకు మొదట కనబడాల్సిన దీపం అదే, నీటికి 133 అడుగుల ఎత్తు. అందుకని మొదటి తరగతి లెన్సు పెట్టారు, 1881 జనవరి 21న వెలిగించారు. అది ఇంకా వెలగక ముందు, అదే నెల మొదట్లో, లుపేషియా అనే ఓడ పక్కనే ఒడ్డుకు కొట్టుకుని పదహారు మంది పోయారు. 1934 అక్టోబరు తుఫానులో అలలు బండరాళ్ళను ఆ ఎత్తుకు విసిరి ఆ లెన్సును పగలగొట్టాయి. మళ్ళీ అలాంటిది పెట్టలేదు. విమానాశ్రయాల్లో వాడే రకం దీపం పెట్టి, ముందు ఇనుప వల కట్టారు. అక్కడికి అదే సరైనదని నా అభిప్రాయం. అందం పోయింది, నిజమే.

నూనె సంగతి క్లుప్తంగా చెబుతాను. తిమింగలం నూనె ధర 1840లలో గాలనుకు అర డాలరు చిల్లర ఉండేది, 1860లకు రెండు డాలర్లు దాటింది. బోర్డులో ఉన్న శాస్త్రవేత్త జోసెఫ్ హెన్రీ, స్మిత్‌సోనియన్ సంస్థ పెద్ద, తానే నూనెలు పరీక్షించాడు. అప్పటిదాకా పనికిరాదనుకున్న పంది కొవ్వు నూనెను వేడిచేసి వాడితే తిమింగలం నూనెకు తీసిపోదని తేల్చాడు. చలిలో గడ్డకడుతుంది, అదొక్కటే బాధ. తర్వాత కిరోసిన్ వచ్చి ఆ గొడవ తీరింది.

దీపాన్ని గుర్తుపట్టడం గురించి మాత్రం ఆగి చెప్పాలి. తెల్లగా నిలకడగా వెలిగే దీపాలు ఒడ్డు పొడుగునా ఉంటే, తుఫానులో కెప్టెన్‌కు ఒకటి కనబడుతుంది. ఏది అది? తప్పు దీపాన్ని నమ్మి తిరిగితే దీపం లేకపోవడం కంటే ప్రమాదం. నా ఎర్ర గీతల సంగతే. 1890లలో మెహాన్ అనే బోర్డు అధికారి, ప్రతి దీపానికీ ఒక అంకె ఇద్దామని, మెరుపులు లెక్కపెట్టి ఏ దీపమో చెప్పేలా చేద్దామని ప్రతిపాదించాడు. 1894లో మైనట్స్‌కు తిరిగే లెన్సు పెట్టి ఒకటి-నాలుగు-మూడు అని ఇచ్చారు. ఒక మెరుపు, ఆగి నాలుగు, ఆగి మూడు. ఇంగ్లీషులో 'ఐ లవ్ యూ' అన్న మాటల్లో అక్షరాలు కూడా ఒకటి, నాలుగు, మూడే కదా. ఒడ్డునున్న కుర్రకారు అది పట్టేసి దానికి ప్రేమదీపమని పేరు పెట్టేశారు.

ఇవాళ అయితే ఏది ఎంచాలి? 1947 నుంచి మైనట్స్‌లో కాపలాదారు లేడు. ఇలాంటి చోట ఇప్పుడు సోలార్ పలకలు, బ్యాటరీలు, ఎల్‌ఈడీ దీపం. చాలా చోట్ల పాత లెన్సు మ్యూజియానికి పోయి, బకెట్టంత పెట్టె వచ్చింది. చూడ్డానికి బాధగానే ఉంటుంది. కానీ నన్ను ఎంచమంటే నేనూ అదే ఎంచుతాను. తిరిగే భాగాలు లేవు. పాత పెద్ద లెన్సులను వేలితో తోస్తే తిరిగేలా పాదరసం తొట్టిలో తేల్చేవారు, ఆ ఆవిరి కాపలాదారుల ఆరోగ్యానికి చేటు. ఆ బాధా లేదు. అయితే కాలమ్‌లు వేసేటప్పుడు బల్బు ఎంత వెలుగు ఇస్తుందన్నది నేను ఆఖరున వేస్తాను. మసాచుసెట్స్ డిసెంబరులో రాత్రి పదిహేను గంటలు, వరసగా వారం మబ్బు పడితే బ్యాటరీ ఎన్నాళ్ళు నిలుస్తుంది? పలక మీద మంచు పేరుకుంటే, సముద్రపక్షులు రెట్ట వేస్తే? పాడైతే పడవ ఆ రాయి దగ్గరికి ఎప్పుడు చేరగలదు? ఆ లోపల వెలిగే రెండో దీపం ఉందా? వీటికి జవాబు వచ్చాకే ఎన్ని మైళ్ళు అన్న ప్రశ్న. జీపీఎస్ ఉంది కదా, దీపమెందుకు అనేవాళ్ళున్నారు. చిన్న పడవలో చేపలు పట్టేవాడి ఫోను తడిసిన రాత్రి ఏమవుతుందో వాళ్ళు చెప్పాలి.

నాన్నగారు రెండోసారి వచ్చినప్పుడు కోహాసెట్ తీసుకెళ్ళాను. గవర్నమెంట్ ఐలండ్ అనే చోట, ఆ రాళ్ళను అమర్చి చూసుకున్న గుండ్రటి ఆనవాళ్ళు ఇంకా ఉన్నాయి. విల్సన్, ఆంట్వాన్‌ల పేర్లతో స్మారకం ఉంది. ఈ కథంతా ఆయనకు చెప్పాను, నా స్ప్రెడ్‌షీటు సంగతితో సహా. ఆయన ఏమీ అనలేదు. చీకటి పడ్డాక ఒడ్డున నిలబడ్డాం. చలి. ఆయన జేబులోంచి చెయ్యి తీసి వేళ్ళు మడవడం మొదలుపెట్టారు. ఒకటి. తర్వాత నాలుగు. తర్వాత మూడు. నలభై అయిదు సెకన్లకు మళ్ళీ ఒకటి.

కారెక్కాక అడిగారు, "ఆ కుర్రాడి ఫోన్ నంబరు నీ దగ్గరుందా?" అని.

ఉంది. పోయిన నెల చేశాను. వాడు డాలస్‌లో ఉన్నాడు, బాగానే ఉన్నాడు. ఈ ప్రసంగంలో వాడి సంగతి చెప్పుకోవడానికి అనుమతి కూడా అడిగాను. పేరు చెప్పొద్దు అన్నాడు, చెప్పలేదు.

నాకిచ్చిన సమయం అయిపోయింది.